భుజం పట్టేసింది: నొప్పి ఓర్చుకుని సాగదీయాలా, ఇంజెక్షన్ వేయించాలా?

కృష్ణాతీరం (విజయవాడ)

సభ్యులందరికీ నమస్కారం. నా భార్య వయసు 53 సంవత్సరాలు. పదేళ్లుగా మధుమేహం ఉంది. ఏ దెబ్బా తగలకుండానే, ఏ బరువూ ఎత్తకుండానే మొన్నటి సంక్రాంతి తరువాత ఎడమ భుజంలో నొప్పి మొదలై, ఈ ఆరు నెలల్లో క్రమంగా చెయ్యి బిగుసుకుపోయింది. ఆ వైపు ఒత్తిగిలితే చాలు నిద్ర చెడుతోంది. జడ వేసుకోవడానికి చెయ్యి తల వెనక్కి వెళ్లడం లేదు, దండెం మీద బట్టలు ఆరవేయలేకపోతోంది, జాకెట్టు తొడుక్కోవాలంటే మా అమ్మాయి సాయం పట్టాలి. ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదన్నారు. చీటీ మీద ఒకరు పెరిఆర్థరైటిస్ అని, మరొకరు ఫ్రోజెన్ షోల్డర్ అని రాశారు.

ప్రస్తుతం ఇంటికి దగ్గరలోని ఒక ఫిజియోథెరపీ కేంద్రానికి వెళుతున్నాం. అక్కడ మంచం మీద పడుకోబెట్టి, భుజాన్ని ఒక చేత్తో నొక్కిపట్టి, రెండో చేత్తో చేతిని బలంగా పైకి లాగుతున్నారు. వెళ్లిన ప్రతిసారీ కన్నీళ్లతో బయటికి వస్తోంది, ఆ రాత్రి నొప్పి రెట్టింపవుతోంది. ఏడ్చినా సరే సాగదీయాల్సిందేనని, లేకపోతే చెయ్యి జన్మంతా అలాగే ఉండిపోతుందని బంధువులు అంటున్నారు. ఒక వైద్యుడు కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయిస్తే మేలన్నారు గానీ, చక్కెర పెరుగుతుందని మాకు భయం. అనుభవం ఉన్నవారు, వైద్యరంగంలో ఉన్నవారు దయచేసి చెప్పండి.

ఫిజియో_విశాఖ

కృష్ణాతీరం గారూ, చీటీల మీద రాసిన రెండు పేర్లూ ఒకే జబ్బువి. 1872లో ఫ్రాన్సుకు చెందిన డ్యూప్లే అనే శస్త్రవైద్యుడు దీన్ని మొదట వర్ణించారు, 1934లో అమెరికాలో కాడ్‌మన్ ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు, 1945లో నెవియాజర్ అడ్హెసివ్ క్యాప్సులైటిస్ అన్నారు. మన ఆసుపత్రుల్లో పెరిఆర్థరైటిస్ అనే పాత పేరే ఇంకా ఎక్కువగా రాస్తారు. మోకాళ్లలో వచ్చే కీళ్ల అరుగుదలకూ దీనికీ సంబంధం లేదు, కాబట్టి ఆ దిగులు అవసరం లేదు.

భుజం కీలు చుట్టూ ఒక పలుచని సంచి ఉంటుంది. జాకెట్టుకు చంక కింద కాస్త వదులు ఉంటేనే చెయ్యి పైకి లేచినట్టు, ఈ సంచికి కూడా చంక వైపు మడతగా కొంత వదులు ఉంటుంది. ఈ జబ్బులో ఆ సంచికి మొదట వాపు వస్తుంది, తరువాత మందమై, ముడుచుకుని, ఆ వదులంతా పోతుంది. ముందు వైపున ఉండే కొరకోహ్యూమరల్ అనే లిగమెంటు (ఎముకలను కలిపి ఉంచే పట్టీ) మరీ గట్టిపడుతుంది. అందుకే చేతిని పైకెత్తడం కంటే ముందుగా, దాన్ని బయటి వైపుకు తిప్పడం పోతుంది.

దీన్ని ఇంట్లోనే గమనించవచ్చు. ఆమెను కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టండి. రెండు మోచేతులనూ నడుముకు ఆనించి, ముంజేతులను నేలకు సమాంతరంగా ముందుకు చాపమనండి. మోచేతులు నడుమును వదలకుండా రెండు అరచేతులనూ తలుపులు తెరిచినట్టు బయటికి తెరవమనండి. కుడి చెయ్యి 60 డిగ్రీలకు పైగా తెరుచుకుని, ఎడమ చెయ్యి ముందుకే చూస్తూ నిలిచిపోతే అది ఈ జబ్బుకు బలమైన గుర్తు. తరువాత ఆమెను చెయ్యి వదులుగా ఉంచమని, మీరే మణికట్టు పట్టుకుని మెల్లగా బయటికి తిప్పి చూడండి. మీరు తిప్పినా కదలకపోతే సంచి బిగిసిందని అర్థం. ఆమె తిప్పలేక, మీరు తిప్పితే మాత్రం సులువుగా వస్తుంటే అది కండరం చిరగడం వంటి వేరే సమస్య కావచ్చు, దాని వైద్యం వేరు. ఎంతవరకు తిరిగిందో, రాత్రి నొప్పి ఇంకా ఉందో లేదో ఇక్కడ రాయండి. ఆ రెండూ తెలియకుండా సాగదీయమనడం గానీ, వద్దనడం గానీ సరికాదు.

ఓరుగల్లు

ఇంత పరీక్ష దేనికని అడుగుతున్నాను, తప్పుగా అనుకోవద్దు. మా అన్నయ్యకు ఇదే జబ్బు వచ్చింది. తలుపు పైన కప్పీ కట్టి, తాడు వేసి, మంచి చేత్తో బాగాలేని చేతిని రోజూ పైకి లాగేవారు. నొప్పికి భయపడకపోవడం వల్లనే చెయ్యి పూర్తిగా వచ్చింది. నొప్పి లేకుండా బిగుతు వదలదు కదా?

ఫిజియో_విశాఖ

ఓరుగల్లు గారూ, మీ అన్నయ్యగారికి నయమైనందుకు సంతోషం. అయితే ఆయన ఆ తాడు కట్టే నాటికి జబ్బు ఏ దశలో ఉందన్నదే అసలు ప్రశ్న. ఈ జబ్బుకు మూడు దశలు చెబుతారు. మొదటిది నొప్పి దశ, ఇందులో రాత్రి నొప్పి తీవ్రంగా ఉంటుంది, కదలిక నెలనెలకూ తగ్గుతూ పోతుంది. ఇది రెండు నుంచి తొమ్మిది నెలలు ఉండవచ్చు. రెండోది బిగుతు దశ. నొప్పి శాంతిస్తుంది, చేతిని చివరిదాకా లాగినప్పుడు మాత్రమే తెలుస్తుంది, బిగుతు మాత్రం నిలిచిపోతుంది. ఇది నాలుగు నెలల నుంచి ఏడాది వరకు ఉంటుంది. మూడోది వదిలే దశ, ఇది ఏడాదికి మించి కూడా సాగుతుంది. దశల మధ్య గీత గీసినట్టు హద్దు ఉండదు, వ్యక్తికీ వ్యక్తికీ కాలం మారుతుంది.

రెండో దశ చివరలో, మూడో దశలో తాడు, కప్పీ బాగా పనికివస్తాయి. మొదటి దశలో సంచికి వాపు ఉన్నప్పుడు బలంగా లాగితే ఆ వాపు పెరుగుతుంది, నొప్పికి చుట్టూ ఉన్న కండరాలు ఇంకా బిగుసుకుంటాయి. 2004లో నెదర్లాండ్స్‌కు చెందిన డిర్క్స్, స్టీవెన్స్ అనే వైద్యులు ప్రచురించిన పరిశీలనలో 77 మంది రోగులను రెండేళ్లు గమనించారు. ఒక వర్గానికి నొప్పి హద్దు దాటేలా గట్టి వ్యాయామాలు చేయించారు, రెండో వర్గానికి జబ్బు గురించి వివరించి, నొప్పి అనుమతించినంత మేరకే తేలికపాటి కదలికలు చేయించారు. రెండేళ్ల తరువాత గట్టిగా చేసినవారిలో 63 శాతం మంది, మెల్లగా చేసినవారిలో 89 శాతం మంది భుజం బాగా పనిచేసే స్థితికి వచ్చారు. నేను ఈ వృత్తిలో ప్రతి రోగి బంధువుకూ ఈ సంగతి చెబుతూనే ఉంటాను, ఎందుకంటే పక్కన నిలబడి ఇంకా గట్టిగా లాగండి అనేది ఎక్కువగా వారే.

కృష్ణాతీరం గారు వర్ణించిన పద్ధతి, ఆరు నెలలకే, రాత్రి నొప్పి ఉండగానే చేస్తున్నారంటే, దయచేసి ఆపించండి. ఫిజియోథెరపీని మానమనడం లేదు, ఆ లాగుడును మానమంటున్నాను.

సీమపల్లె (అనంతపురం)

నేను ఉపాధ్యాయురాలిని. నాకు థైరాయిడ్, మధుమేహం రెండూ ఉన్నాయి, ఈ భుజం జబ్బు కుడి వైపు వచ్చింది. బోర్డు మీద నా కళ్ల ఎత్తుకు మించి రాయలేకపోయేదాన్ని, బస్సులో పైకమ్మీ పట్టుకోలేక సీటు దొరికే బస్సు కోసం ఆగేదాన్ని. అక్కయ్యకు, అంటే మీ శ్రీమతికి, ముందుగా కావలసింది నిద్ర. వెల్లకిలా పడుకుని, నొప్పి ఉన్న చేతి మోచెయ్యి కింద మడతపెట్టిన దుప్పటి గానీ, పలుచని తలగడ గానీ పెట్టాలి. మోచెయ్యి భుజం కంటే కిందికి జారకుండా ఉంటే లాగినట్టుండే నొప్పి చాలావరకు తగ్గుతుంది. పక్కకు తిరగాలనిపిస్తే బాగున్న వైపుకు తిరిగి, ఛాతీ ముందు ఒక తలగడను కౌగిలించుకుని దాని మీద ఈ చేతిని ఉంచాలి. దుస్తులు తొడిగేటప్పుడు నొప్పి ఉన్న చేతిని ముందు తొడగాలి, విప్పేటప్పుడు దాన్ని చివర విప్పాలి. ఇది నాకెవరూ చెప్పలేదు, రోజూ పడిన బాధే నేర్పింది.

ఇంజెక్షన్ నేను వేయించుకున్నాను. తరువాత కొన్ని రోజులు చక్కెర పెరిగిన మాట నిజమే, మళ్లీ మామూలుకు వచ్చింది. ఆ వారం గడిచాక ఏ రాత్రీ నొప్పితో లేచి కూర్చోలేదు. వైద్యపరమైన విషయాలు మన వేదికలోని డాక్టర్ గారు చెబితే బాగుంటుంది.

ఎముకల_డాక్టర్ (కర్నూలు)

చర్చ అంతా చదివాను. ఫిజియో_విశాఖ గారు చెప్పిన దానితో పూర్తిగా ఏకీభవిస్తూ, మిగిలిన విషయాలు రాస్తున్నాను.

ముందుగా మధుమేహం సంగతి. సాధారణ జనంలో ఈ జబ్బు 2 నుంచి 5 శాతం మందికి వస్తుందని అంచనా, మధుమేహం ఉన్నవారిలో అది 10 నుంచి 20 శాతం వరకు, కొన్ని పరిశీలనల్లో అంతకు మించి కూడా ఉంది. 40 నుంచి 60 ఏళ్ల మధ్య, స్త్రీలలో ఎక్కువ. చక్కెర ఎక్కువకాలం అదుపులో లేకపోతే సంచిలోని కొల్లాజెన్ అనే మాంసకృత్తుల పోగులకు చక్కెర అంటుకుని అది బిరుసెక్కుతుంది, అందుకే వీరిలో జబ్బు ఎక్కువ కాలం ఉంటుంది, వైద్యానికి నెమ్మదిగా లొంగుతుంది. 2023లో వెలువడిన, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వారి ఇండియాబ్ అధ్యయనం దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉన్నట్టు తేల్చింది. వీరిలో చాలామందికి పాదాల గురించి, కళ్ల గురించి చెప్పేవారున్నారు గానీ, భుజం గురించి చెప్పేవారు లేరు. భుజం పట్టేసిందని వచ్చిన నడివయసు వ్యక్తికి చక్కెర పరీక్ష, థైరాయిడ్ పరీక్ష చేయించడం నా దృష్టిలో ఎక్స్‌రేతో సమానమైన అవసరం. ఆ పరీక్షలోనే మధుమేహం మొదటిసారి బయటపడిన వారు నా దగ్గరికి వచ్చిన రోగుల్లో ఉన్నారు.

ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవడం ఈ జబ్బులో సహజమే. అయినా తీయించాలి, ఎందుకంటే కీలు అరుగుదల, వెనక్కి జారిన కీలు, ఎముకలో గడ్డలు కూడా ఇలాగే చేతిని బయటికి తిరగనివ్వవు. ఎమ్మారై అందరికీ అక్కర్లేదు.

ఇక ఇంజెక్షన్. నొప్పి దశలో ఉన్నవారికి కీలు లోపలికి వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ మా దగ్గర ఉన్న వైద్యాలలో త్వరగా ఉపశమనం ఇచ్చేది. మొదటి కొన్ని వారాల్లో, నెలల్లో దాని మేలు స్పష్టంగా ఉంటుంది. ఏడాది గడిచేసరికి వేయించుకున్నవారికీ, వేయించుకోనివారికీ తేడా తగ్గిపోతుంది. ఆ కొన్ని నెలలే రోగికి నరకం కాబట్టి, ఆ మేలును నేను చిన్నదిగా చూడను. బిగుతు ముదిరి నొప్పి పోయిన తరువాత వేస్తే ప్రయోజనం తక్కువ. అందువల్ల భయపడి వాయిదా వేస్తూ పోతే మంచి సమయం చేజారుతుంది.

మధుమేహం ఉన్నవారిలో ఇంజెక్షన్ తరువాత సాధారణంగా రెండు నుంచి ఐదు రోజులు, కొందరిలో వారం వరకు చక్కెర పెరుగుతుంది. చక్కెర మందులు రాసే వైద్యుడికి ముందుగా చెప్పి, ఆ వారం ఇంట్లో రోజుకు రెండు మూడు సార్లు పరీక్షించుకుంటే చాలావరకు సరిపోతుంది. చక్కెర అప్పటికే మరీ ఎక్కువగా ఉంటే ముందు దాన్ని దించి, తరువాత వేస్తాం. చర్మం మీద పుండు, జ్వరం, ఒంట్లో ఎక్కడైనా ఇన్ఫెక్షన్ ఉంటే వేయం. కీలులో చీము పట్టే ప్రమాదం చాలా అరుదు, శుభ్రత పాటించే చోట అల్ట్రాసౌండ్ చూస్తూ వేయించుకుంటే మందు సరైన చోట పడుతుంది. ఒకే కీలులో పదేపదే వేయించుకోవడం మంచిది కాదు.

మందుల దుకాణంలో అడిగి నొప్పి మాత్రలు నెలల తరబడి కొనుక్కునేవారు దయచేసి ఆగండి. డైక్లోఫినాక్, అసిక్లోఫినాక్ వంటివి మధుమేహం ఉన్నవారి మూత్రపిండాలకు హాని చేయగలవు. కొద్ది రోజులకు, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చూసుకుని, వైద్యుడు రాస్తేనే వాడాలి.

మరో ముఖ్యమైన మాట. ఎడమ భుజం నొప్పి అన్నీ భుజానివి కావు. నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు వచ్చి, కూర్చుంటే తగ్గి, చెమటలు, ఆయాసం, దవడ నొప్పి తోడైతే అది గుండెది, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. వేళ్లలో తిమ్మిరి, మెడ తిప్పితే చేతిలోకి కరెంటు పాకినట్టు నొప్పి ఉంటే మెడ నరాలను చూడాలి. జ్వరంతో భుజం ఎర్రబడి వాస్తే, కారణం తెలియకుండా బరువు తగ్గుతుంటే ఇంట్లో వ్యాయామాలతో కాలం గడపకూడదు.

గౌతమి_గట్టు (రాజమహేంద్రవరం)

డాక్టర్ గారూ, మా అత్తగారు నువ్వుల నూనె వేడిచేసి మర్దన చేయించుకుంటున్నారు, నాటువైద్యుడి దగ్గర కట్టు కూడా కట్టించుకోవాలంటున్నారు. చేయవచ్చునా?

ఎముకల_డాక్టర్ (కర్నూలు)

గోరువెచ్చని నూనెతో మెల్లగా రాయడం వల్ల చుట్టూ బిగుసుకున్న కండరాలకు హాయిగా ఉంటుంది, నాకు అభ్యంతరం లేదు. లోపలి సంచి మీద దాని ప్రభావం ఉండదు. కట్టు మాత్రం వద్దు. చెయ్యి విరిగి ఎక్కువకాలం కదలకుండా ఉంచినవారికీ, పక్షవాతంతో చెయ్యి పడిపోయినవారికీ, రొమ్ము శస్త్రచికిత్స తరువాత చెయ్యి కదపని వారికీ ఇదే జబ్బు వస్తుంది. ఇప్పటికే బిగిసిన భుజాన్ని కట్టి ఉంచితే ఇంకా బిగుస్తుంది.

లీడ్స్_తెలుగు (ఇంగ్లండ్)

నేను ఇక్కడ ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. ఆపరేషన్ మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి ఒక విషయం చెబుతాను. బ్రిటన్‌లో 35 ఆసుపత్రుల్లో 503 మంది రోగులతో జరిగిన యూకే ఫ్రాస్ట్ అనే పరిశోధన ఫలితాలు 2020లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. రోగులను మూడు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి మత్తు ఇచ్చి చేతిని తిప్పి బిగుతు వదిలించారు, మరో వర్గానికి కీహోల్ (చిన్న రంధ్రాల ద్వారా చేసే) ఆపరేషన్‌తో బిగిసిన సంచిని కోసి వదులు చేశారు, మూడో వర్గానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో పాటు క్రమపద్ధతిలో 12 వరకు ఫిజియోథెరపీ సెషన్లు ఇచ్చారు. ఏడాది తరువాత చూస్తే మూడు వర్గాలూ బాగుపడ్డాయి, రోగికి చెప్పుకోదగ్గ తేడా తెలిసేంతగా ఏ ఒక్కటీ మిగిలిన రెండింటినీ మించలేదు. తీవ్రమైన దుష్ఫలితాలు ఆపరేషన్ వర్గంలో ఎక్కువగా కనిపించాయి. ఇంజెక్షన్, ఫిజియోథెరపీ వర్గంలో మరికొంతమందికి తరువాత ఇంకో వైద్యం అవసరమైంది. కాబట్టి మొదటి అడుగుగా కత్తి వరకు వెళ్లనక్కర్లేదని నా అభిప్రాయం.

ఎముకల_డాక్టర్ (కర్నూలు)

చక్కగా చెప్పారు. ఆరు నెలలకు పైగా సరైన వైద్యం చేసినా ఏ మార్పూ లేక, బతుకుతెరువుకే అడ్డంకిగా ఉన్నవారికి మాత్రమే నేను ఆపరేషన్ సూచిస్తాను. మత్తులో చేతిని తిప్పే పద్ధతిలో ఎముకలు పలచబడినవారికి జబ్బ ఎముక విరిగే ప్రమాదం ఉంది. ఈ రెంటికీ ముందు హైడ్రోడైలటేషన్ అనే మార్గం ఒకటుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు 20 మిల్లీలీటర్లకు పైగా ద్రవం పట్టే సంచి, ఈ జబ్బులో 10 కూడా పట్టని స్థితికి వస్తుంది. సెలైన్, స్టెరాయిడ్, మత్తుమందు కలిపి నెమ్మదిగా ఎక్కించి దాన్ని లోపలి నుంచి సాగదీస్తారు.

కృష్ణాతీరం (విజయవాడ)

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టు కుర్చీలో కూర్చోబెట్టి చూశాను. కుడి చెయ్యి చక్కగా తెరుచుకుంది, ఎడమది ముందుకే నిలిచిపోయింది, నేను మెల్లగా తిప్పినా రాలేదు. రాత్రి నొప్పి ఇంకా ఉంది. గత మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 9 దాటింది, అది మాకు కనువిప్పు. పాత కేంద్రానికి వెళ్లడం ఆపేశాం. చక్కెర వైద్యుడు మందులు మార్చారు, అదుపులోకి రాగానే ఇంజెక్షన్ వేయిద్దామని ఎముకల వైద్యుడూ, ఆయనా మాట్లాడుకుని నిర్ణయించారు. తలగడ పెట్టుకునే పద్ధతి చెప్పిన సీమపల్లె గారికి నా భార్య ప్రత్యేకంగా నమస్కారాలు చెప్పమంది. ఈలోగా ఇంట్లో ఏం చేయించాలో ఫిజియో గారు చెప్పగలరా? రెండో భుజానికి కూడా వస్తుందా?

ఫిజియో_విశాఖ

అన్నింటికంటే ముందు, చేసే కదలికకు ఒక కొలత పెట్టుకోండి. చేస్తున్నప్పుడు లాగినట్టు ఉండటం పర్వాలేదు, ఆపిన తరువాత ఆ లాగుడు కొద్ది నిమిషాల్లో తగ్గిపోవాలి. గంటల తరబడి సలిపినా, ఆ రాత్రి నిద్ర చెడినా, మరుసటి రోజు సగానికి తగ్గించండి.

వేడినీళ్ల స్నానం తరువాత గానీ, పది పదిహేను నిమిషాలు వేడి కాపడం పెట్టుకున్న తరువాత గానీ మొదలుపెట్టాలి. మధుమేహం వల్ల చర్మానికి స్పర్శ తగ్గి ఉండవచ్చు, కాబట్టి కాపడం వేడిని మీ చేత్తో చూసి పెట్టండి. బాగున్న చేత్తో బల్లను పట్టుకుని ముందుకు వంగి, ఎడమ చేతిని వదులుగా వేలాడనిచ్చి, ఒంటి ఊపుతోనే ముందుకూ వెనక్కూ, చిన్న వలయాలుగానూ ఊగనివ్వాలి. భుజం కండరంతో ఊపకూడదు, ఇక్కడే చాలామంది పొరపడతారు. తరువాత వెల్లకిలా పడుకుని, రెండు మోచేతులూ ఒంటికి ఆనించి, గొడుగు గానీ, పొట్టి కర్ర గానీ రెండు చేతులతో అడ్డంగా పట్టుకుని, కుడి చేత్తో ఆ కర్రను ఎడమ వైపుకు మెల్లగా నెడితే ఎడమ ముంజెయ్యి బయటికి తిరుగుతుంది. పోయిన కదలిక ఇదే కాబట్టి దీన్ని ఒక్క రోజూ మానవద్దు. నొప్పి అందే చోట ఆగి, పది అంకెలు లెక్కపెట్టి వెనక్కి రావాలి. గోడ మీద వేళ్లతో పైకి పాకడం చేయవచ్చు, భుజాన్ని చెవి దాకా ఎగరేసి దొంగ ఎత్తు సాధించకూడదు. ఒకేసారి గంటసేపు చేయడం కంటే రోజుకు మూడు నాలుగు సార్లు ఐదేసి నిమిషాలు చేయడం మంచిది.

వీపు వెనక తువ్వాలు పట్టుకుని పైకి లాగే వ్యాయామం, తాడు కప్పీ ఇప్పుడు వద్దు. రాత్రి నొప్పి పోయిందని ఆమె చెప్పిన తరువాత, ఇంజెక్షన్ వేసిన వైద్యుడిని అడిగి మొదలుపెడదాం. అప్పుడు ఓరుగల్లు గారి అన్నయ్య కట్టిన తాడే మనకూ పనికివస్తుంది.

ఓరుగల్లు

తప్పకుండా. కప్పీ ఎలా బిగించారో అన్నయ్యను అడిగి వివరంగా రాస్తాను. దశను బట్టి చేయాలన్న సంగతి నాకు ఇప్పుడే తెలిసింది, మా వదినగారికి కూడా ఈ మధ్య భుజం నొప్పి అంటున్నారు, ముందు చక్కెర పరీక్ష చేయిస్తాను.

ఎముకల_డాక్టర్ (కర్నూలు)

కృష్ణాతీరం గారి రెండో ప్రశ్నకు సమాధానం. నయమైన భుజానికి మళ్లీ రావడం అరుదు. రెండో భుజానికి కొందరిలో కొన్నేళ్ల తరువాత వస్తుంది, మధుమేహం ఉన్నవారిలో ఆ అవకాశం ఎక్కువ. కుడి చేతిని బయటికి తెరిచే ఆ పరీక్షను నెలకొకసారి చేసి చూడండి. కదలిక తగ్గుతున్నట్టు కనిపిస్తే ఈసారి ఆరు నెలలు ఆగకుండా వెంటనే చూపించండి.

పూర్తిగా నయమవుతుందా అని మీరు అడగలేదు గానీ, మనసులో ఉండే ఉంటుంది. చాలామందికి ఒకటి నుంచి మూడేళ్లలో రోజువారీ పనులన్నీ చేసుకోగలిగే స్థితి వస్తుంది. అందరికీ నూటికి నూరు శాతం వస్తుందని మాత్రం చెప్పను. 1992లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశీలనలో 62 మందిని సగటున ఏడేళ్ల తరువాత చూస్తే, సగం మందిలో స్వల్పంగా నొప్పి గానీ, బిగుతు గానీ మిగిలే ఉంది. మీ శ్రీమతికి జడ వేసుకోవడం, బట్టలు ఆరవేయడం తిరిగి వస్తాయని ఆశించవచ్చు, చెయ్యి చిట్టచివరి వరకు తిరగడంలో కాస్త తేడా ఉండిపోవచ్చు. ఇంజెక్షన్ రోజున చక్కెర మాత్రలు ఆపమని ఎవరైనా చెబితే వినకండి, మీ చక్కెర వైద్యుడు రాసినట్టే వేయించండి. ఆ వారం నమోదు చేసిన చక్కెర అంకెలను రాసి పెట్టుకుని రెండోసారి వచ్చేటప్పుడు తీసుకురండి.